‘మనిషి నిలవడం లేదు’ – ఎందుకు నిలవాలి?

కరోనా కాలం రెండేళ్ళూ మా రాజమండ్రిలో మధ్యతరగతి ఇళ్ళల్లో ఒకటే మాట వినపడేది. “మనిషి నిలవడం లేదండీ.” మంచాన పడ్డ తల్లినో, మతిమరుపు వచ్చిన మావగారినో చూసుకోవడానికి పెట్టుకున్న ఆయా నెల తిరక్కుండానే వెళ్ళిపోయిందని దానర్థం. ఆ వెనకే మరికొన్ని మాటలు వచ్చేవి. వీళ్ళకి విశ్వాసం లేదనీ, నిలకడ లేదనీ, ఎక్కడ నాలుగు డబ్బులు ఎక్కువిస్తే అక్కడికి పోతారనీ. ఈ మాటలన్న వాళ్ళలో నేనూ ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా స్త్రీల హక్కుల గురించి మీటింగుల్లో మాట్లాడుతున్నదాన్ని, మా అమ్మ కోసం పెట్టుకున్న మనిషి వెళ్ళిపోయిన రోజున సరిగ్గా ఆ మాటే అన్నాను. అంచేత ఎవరినైనా వేలెత్తి చూపాల్సి వస్తే ముందు నా ఇంటి నుంచే మొదలుపెట్టాలి.

2019లో మా అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. ఊళ్ళో ఒక ఏజెన్సీ వాళ్ళు రాజోలు దగ్గర పల్లె నుంచి ఒకామెని పంపించారు. మేం నెలకి పదహారు వేలు ఏజెన్సీకి కట్టేవాళ్ళం. ఆమె చేతికి పన్నెండు వేలు అందేవి. ఆమె పదో తరగతి సర్టిఫికెట్టు ఏజెన్సీ వాళ్ళ బీరువాలో ఉండేది. ఎందుకని నేను అడగలేదు.

పని ఏమిటంటే, పొద్దున్నే డైపరు మార్చి ఒళ్ళు తుడవడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం (తిప్పకపోతే వీపు పుళ్ళు పడతాయి), జావ చెంచాతో పట్టడం, పొలమారకుండా చూడడం, మందులు వెయ్యడం, బట్టలు ఉతకడం. రాత్రి మంచం పక్కనే కింద చాప వేసుకుని పడుకోవడం. అమ్మ రాత్రికి నాలుగైదు సార్లు పిలిచేది. అంటే ఆమెకి నిద్ర లేదు, పనికి మొదలూ లేదు, చివరా లేదు. నెలకి రెండు ఆదివారాలు ఇంటికి వెళ్ళొచ్చేది. ఆమె తినే కంచం, గ్లాసు వేరుగా ఉండేవి. అమ్మ శరీరాన్నంతా ముట్టుకోవచ్చుగానీ అమ్మ వంటింట్లోకి రాకూడదన్నమాట. ఈ ఏర్పాటు మా ఇంట్లో ఎవరు ఎప్పుడు చేశారో తెలియదు. ఎవరూ చెయ్యకుండానే జరిగిపోయే ఏర్పాట్లే కులంలో గట్టివి.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. రైళ్ళు ఆగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. ఆమె ఇద్దరు పిల్లలు తాతమ్మ దగ్గర ఉన్నారు. ఏప్రిల్ 12న ఈస్టరు. “అక్కగారూ, పండక్కైనా పంపండి, ఎలాగోలా వెళ్ళొస్తాను” అని అడిగింది. “బస్సులు లేవు కదమ్మా, ఎలా వెళ్తావు?” అన్నాను. అది నిజమే. కానీ బస్సులు లేకపోవడం నాకు బాధ కలిగించలేదు, ఊరట కలిగించింది. ఆ ఊరటని నేను అప్పుడు గుర్తించలేదు. వెళ్తే మళ్ళీ రాదేమో, వచ్చినా జబ్బు తీసుకొస్తుందేమో అన్న భయం. “నువ్వు మా ఇంటి మనిషివి” అని కూడా అన్నట్టు జ్ఞాపకం. ఆర్టీసీ బస్సులు మళ్ళీ తిరిగింది మే 21న. అప్పటికి తొమ్మిది ఆదివారాలు గడిచాయి. ఆ తొమ్మిదింటిలో ఒక్క ఆదివారానికీ మేం ఎక్కువ డబ్బు ఇవ్వలేదు. జూన్ మొదటి వారంలో ఇంటికెళ్ళింది, తిరిగి రాలేదు.

అప్పుడే నేనన్నాను, మనిషి నిలవడం లేదని.

తర్వాత పదిహేను నెలల్లో, అంటే 2021 సెప్టెంబరులో అమ్మ పోయేదాకా, ఐదుగురు మారారు. కడియం వైపు నుంచి వచ్చినామె రెండు నెలలు ఉంది. బళ్ళు మూసేశారు, పన్నెండేళ్ళ ఆడపిల్ల ఇంట్లో ఒంటరిగా ఉంటోందని వెళ్ళిపోయింది. రెండోది చిన్నపిల్ల. అపార్టుమెంటు వాళ్ళు పనివాళ్ళు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టారు. నాలుగంతస్తులు ఎక్కి దిగుతూ పన్నెండు రోజులు చేసి మానేసింది. ‘దూరం పాటించండి’ అన్న మాట ఆ రోజుల్లో కొంతమంది నోటికి ఎంత తియ్యగా ఉండేదో! ఎప్పటి నుంచో పాటిస్తున్న దూరానికి ప్రభుత్వమే ముద్ర వేసి ఇచ్చినట్టయింది. మూడో ఆమె ఐదు నెలలు బాగా చేసింది, జీతం పెంచమంది, మేం ఆలోచిస్తామన్నాం. ఏజెన్సీ ఆమెని హైదరాబాదులో ఎక్కువిచ్చే ఇంటికి మార్చేసింది. నాలుగో ఆమె గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ఆమెకి ముప్ఫై రెండేళ్ళు. 2021 మార్చిలో చేరింది. టీకాలు జనవరి 16న మొదలయ్యాయి, ముందు వైద్య సిబ్బందికి. మార్చి 1 నుంచి అరవై దాటిన వాళ్ళకి. అమ్మకి మార్చిలోనే మొదటి డోసు వేయించాం, వీల్‌చైరులో తీసుకెళ్ళి. కుర్చీ తోసింది ఆమే. అమ్మ దగ్గు, తెమడ, ఉచ్చిష్టం అన్నీ ఆమె చేతుల మీదుగానే పోవాలి. కానీ ఆమె వైద్య సిబ్బంది కాదు. నలభై అయిదు నిండలేదు. ఆమె వయసు వాళ్ళకి టీకా తలుపు తెరిచింది మే 1న, అదీ కాగితం మీద. ఏప్రిల్‌లో రెండో ఉధృతి వచ్చేసింది. తూర్పు గోదావరిలో ఆ రోజుల్లో ఆసుపత్రి మంచం దొరకడం ఎలా ఉండేదో ఇక్కడి వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఆమెకి జ్వరం వచ్చింది. “పరీక్ష చేయించుకుని, తగ్గాక రా” అని పంపేశాం. ఆ నెలలో పనిచేసిన రోజులకి లెక్కకట్టి ఇచ్చాం. జ్వరం రోజులకి ఇవ్వలేదు. ఆమె రాలేదు. ఆమెకి అది మా ఇంట్లోనే వచ్చి ఉండొచ్చన్న ఆలోచన నాకు చాలా రోజుల తర్వాత వచ్చింది.

2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కరోనాతో పోరాడే ఆరోగ్య కార్యకర్తలకి యాభై లక్షల బీమా ప్రకటించింది. ఆశా కార్యకర్తలకి అది వర్తించింది, మంచిదే. ఇళ్ళల్లో ముసలివాళ్ళ మంచాల పక్కన పడుకునే వాళ్ళకి వర్తించలేదు. జన్‌ధన్ ఖాతా ఉంటే మూడు నెలలు ఐదేసి వందలు పడ్డాయి, అంతే. చప్పట్లు మాత్రం అందరికీ కలిపి కొట్టాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారు అని కాదు, ఎందుకు ఉండాలి? వేళలు లేవు. సెలవు లేదు. జబ్బు చేస్తే జీతం లేదు. కాగితం లేదు. జీతం పెంచమని అడగడానికి సంఘం లేదు. ఇవేవీ లేని మనిషికి మిగిలే ఒకే ఒక్క హక్కు పని మానెయ్యడం. ఫ్యాక్టరీ కార్మికుడు ఆ పని నలుగురితో కలిసి చేస్తే దాన్ని సమ్మె అంటాం, జిందాబాద్ కొడతాం. ఆయా ఒంటరిగా, సంచి సర్దుకుని, తెల్లవారుజామున చేస్తే దాన్ని విశ్వాసం లేకపోవడం అంటాం. లాక్‌డౌన్‌లో నిలిచిన వాళ్ళని కూడా ఈ కోణం నుంచే చూడాలి. ఆ అరవై రోజులు మా ఇంట్లో ఆమె ‘నిలిచింది’. అది నిలకడ కాదు, దారి మూసుకుపోవడం.

ఈ పరిస్థితి కరోనా తెచ్చింది కాదు. అమెరికాలో వృద్ధుల నర్సింగ్ హోముల్లో సిబ్బంది మార్పిడి మీద జరిగిన ఒక పరిశోధన 2021లో వెలువడింది. 2017–18 లెక్కల ప్రకారం అక్కడ నర్సింగ్ సిబ్బందిలో మార్పిడి సగటున ఏడాదికి 128 శాతం. అంటే ఏడాదిలో ఉన్నవాళ్ళంతా పోయినంత, పైగా మరికొందరు. కరోనాకి ముందు మాట ఇది. ఇంగ్లండులో 2021–22లో సంరక్షణ రంగంలో 1,65,000 ఉద్యోగాలు ఖాళీగా పడి ఉన్నాయి. జీతాలు పెంచి సొంత మనుషుల్ని నిలుపుకోవడానికి బదులు 2022 ఫిబ్రవరిలో వీసా తలుపు తెరిచారు. మన దేశం నుంచీ, నైజీరియా, జింబాబ్వేల నుంచీ ఆడవాళ్ళూ మగవాళ్ళూ అప్పులు చేసి వెళ్ళారు. 2025 జూలైలో ఆ తలుపు మూసేశారు. సంపన్న దేశం తన ఇంట్లో మనుషులు నిలవకపోతే పేద దేశం మనుషుల్ని తెచ్చుకుంటుంది. రాజమండ్రి అపార్టుమెంటు రాజోలు పల్లె నుంచి తెచ్చుకున్నట్టే. తేడా ఒక్కటే. వాళ్ళు కనీసం లెక్కపెడతారు. మన ఇళ్ళల్లో హాజరు పట్టీ లేదు కనక పోయినవాళ్ళ లెక్కా లేదు.

గోదావరి డెల్టా ఆడవాళ్ళకి ఈ పని కొత్త కాదు. పొలాలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోతున్న కొద్దీ ఊడ్పులూ కలుపులూ తగ్గాయి. చెరువు గట్టు మీద కాపలాకి మగవాడు చాలు. ఆడవాళ్ళకి మిగిలింది రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. అది చాలనివాళ్ళు రాజోలు, మలికిపురం, అమలాపురం, నరసాపురం, పాలకొల్లు, ఆచంట ఊళ్ళ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళారు. అక్కడ పిల్లల్ని పెంచారు, ముసలివాళ్ళని ఎత్తి దించారు. ఇజ్రాయెల్‌లో వృద్ధుల సంరక్షణకి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. 2020 ఏప్రిల్‌లో కువైట్ ప్రభుత్వం ఆకామా లేనివాళ్ళు జరిమానా లేకుండా దేశం విడిచిపోవచ్చని క్షమాభిక్ష ప్రకటించింది. మన స్త్రీలు ఎందరో బయటికొచ్చి శిబిరాల్లో విమానాల కోసం ఎదురుచూశారు. మే 7న వందేభారత్ విమానాలు మొదలయ్యాయి. అలా వచ్చినవాళ్ళలో కొందరు ఇక్కడి ఇళ్ళల్లో ఆయాలుగా చేరారు, మళ్ళీ దారులు తెరుచుకోగానే వెళ్ళిపోయారు. దాన్నీ మనం నిలకడలేనితనం అన్నాం.

కువైట్ అనగానే మనకి కఫీలు దౌర్జన్యాలు గుర్తొస్తాయి. అవి అబద్ధం కాదు. కానీ ఒక విషయం గమనించాలి. 2015లో కువైట్ ఇంటిపని వాళ్ళకోసం ఒక చట్టం చేసింది. రోజుకి పన్నెండు గంటలకి మించి పని ఉండకూడదనీ, వారానికి ఒక రోజు సెలవనీ, ఏడాదికోసారి జీతంతో కూడిన సెలవనీ అందులో రాసుంది. ఆ తర్వాత కనీస వేతనం అరవై దినార్లుగా నిర్ణయించారు. అమలు ఎంతన్నది వేరే సంగతి. కాగితం మీదైనా అంత మాట రాసిన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని వారి హక్కుల మీద 189వ ఒడంబడిక తెచ్చినప్పుడు మన దేశం అనుకూలంగా ఓటేసింది. ఇంతవరకూ ఆమోదముద్ర వెయ్యలేదు. మన రాష్ట్రంలో 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. చేర్చారని రాజమండ్రిలో ఎన్ని ఇళ్ళకి తెలుసు? నాకే తెలుసు, నేనే పాటించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ చట్టం లేని లోటుని ఎత్తిచూపి, పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది.

చట్టం ఎందుకు లేదు అంటే, అది ‘పని’ అని మనం ఒప్పుకోకపోవడం వల్ల. దీనికి మన గోదావరి జిల్లాల్లోనే పాత ఉదాహరణ ఉంది. మరియా మీస్ అనే జర్మన్ స్త్రీవాది 1970ల చివర నరసాపురం వచ్చి లేసు అల్లే స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. రోజుకి ఆరేడు గంటలు క్రోషే అల్లి విదేశాలకి ఎగుమతయ్యే సరుకు తయారుచేసే ఆ స్త్రీలని అందరూ ‘ఇంట్లో ఖాళీగా కూచుని ఏదో అల్లుకునే గృహిణులు’ అనేవాళ్ళు. వాళ్ళూ అలాగే అనుకునేవాళ్ళు. ఖాళీ సమయం పని అన్నాక కూలి ఎంతయితేనేం! షావుకార్లు మేడలు కట్టారు. ఆయా పనికి మనం పెట్టిన ముద్దుపేరు ‘సేవ’. ముసలివాళ్ళకి సేవ చేస్తే పుణ్యం. పుణ్యానికి ఓవర్‌టైమ్ ఏముంటుంది?

ఇక్కడ నా తోటి మధ్యతరగతి స్త్రీలు ఒక మాట అంటారు, అది తోసిపారెయ్యదగ్గది కాదు. “మేం కూడా జీతాల మీద బతికేవాళ్ళమే. ముగ్గురు మనుషుల్ని మూడు షిఫ్టుల్లో పెట్టి చట్ట ప్రకారం జీతాలివ్వాలంటే మా జీతం మొత్తం పోతుంది. ఆయా మానేస్తే ఉద్యోగానికి సెలవు పెట్టేది మేమే.” నిజం. ఆమె మానేసిన ప్రతిసారీ నేను సెలవు పెట్టాను. 2021లో జీతం లేని సెలవే నాలుగు నెలలు. మా అన్నయ్య వీడియోలో అమ్మని చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాడు, డబ్బు పంపేవాడు. మావారు మందులు తెచ్చేవారు, ఆక్సీమీటరు చదివేవారు. అమ్మని తిప్పడం, కడగడం మాత్రం ఆడవాళ్ళ పని. 2019లో దేశమంతా చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఆ తేడాని పూడ్చడానికే మనం ఇంకో స్త్రీని తెచ్చుకుంటున్నాం. ఆమె ఇంట్లో ఆమె ఖాళీని పూడ్చడానికి తాతమ్మో, పన్నెండేళ్ళ కూతురో. కాబట్టి ఇది అమ్మగారికీ ఆయాకీ మధ్య తగాదాగా మిగిలిపోతే ఇద్దరూ ఓడిపోతారు, మధ్యలో ఏజెన్సీ బాగుపడుతుంది. ప్రభుత్వమూ, ఇంట్లో మగవాళ్ళూ తప్పించుకుంటారు.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం పిల్లలు డబ్బు ఇవ్వాలంటుంది, జిల్లాకొక వృద్ధాశ్రమం కట్టమంటుంది. మంచాన్న పడ్డ మనిషిని రోజూ ఎవరు ఎత్తాలి, ఆ ఎత్తేవాళ్ళకి ఎవరు ఏమివ్వాలి అన్నది దాని బుర్రకి తట్టలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక ప్రభుత్వానికి రోగితో పని లేదు. పల్లెలకి ఆశా కార్యకర్త ఉన్నట్టే మంచాన ఉన్న వృద్ధుల కోసం వార్డుకి ఇంతమందని జీతం మీద మనుషుల్ని ఎందుకు పెట్టకూడదు? పింఛను ఇవ్వడానికి గడప దాకా రాగలిగిన ప్రభుత్వం గడప లోపలికి రాలేదా? ఏజెన్సీలని నమోదు చెయ్యాలి. సర్టిఫికెట్లు దాచుకోవడం నేరంగా చూడాలి. జీతం నేరుగా ఆమె ఖాతాలో పడాలి. రాత్రి కాపలా పనిగంటల్లోకి రావాలి. మళ్ళీ ఏ మహమ్మారో వస్తే టీకాకీ బీమాకీ ఈమె వైద్య సిబ్బందిలో లెక్క. ఇవి అడగడానికి కమిటీ నివేదిక దాకా ఆగక్కర్లేదు.

మా ఇంట్లో ఐదో ఆమె నిలిచింది. ఏజెన్సీని వదిలేసి తెలిసినవాళ్ళ ద్వారా మాట్లాడుకున్నాం. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు. ఆదివారం సెలవు. జ్వరమొస్తే జీతంతో ఇంట్లో ఉండడం. రాత్రిళ్ళు నేనూ మావారూ వంతులేసుకున్నాం. ఆయనకి తిప్పడం రెండు రోజుల్లో వచ్చేసింది, పెద్ద విద్యేమీ కాదు. ఇది మా మంచితనమని రాయడం లేదు. నలుగురు పోయాక, ఇంకెవరూ రాకపోతే, గత్యంతరం లేక చేసిందే. ఆ పోయిన నలుగురే మాకు నేర్పారు.

మొదటి ఆమె ఇప్పుడు కువైట్‌లో ఉంది. అమ్మ పోయిన సంగతి ఆలస్యంగా తెలిసి ఫోన్ చేసింది. అమ్మ మింగడానికి ఎంత కష్టపడేదో, ఏ పక్కకి తిప్పితే నొప్పి అనేదో అన్నీ గుర్తున్నాయి ఆమెకి. నాకంటే ఎక్కువ. అక్కడ ఎలా ఉందని అడిగాను. “ఇక్కడ శుక్రవారం సెలవండి అక్కగారూ, కాగితం మీద ఉంది.”

ఇస్తున్నారా అన్నాను.

“అప్పుడప్పుడూ ఇస్తారండి. ఇవ్వనప్పుడు డబ్బులు కట్టిమ్మని అడుగుతున్నాను” అంది.

తొమ్మిది ఆదివారాల లెక్క కట్టి ఆమె పిల్లల ఖాతాకి పంపాను. ఆ లెక్క వెయ్యడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.